మూసుకోని పిడికిలి

డాక్టర్ ఆంటీ పోయారని శనివారం పొద్దున్నే టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి అమ్మ ఫోన్ చేసింది. "పాపం, అంకుల్ ఒక్కరే అయిపోయారు," అంది. ఆ ఇంట్లో ఆయన ఎప్పుడూ ఒక్కరే అనుకున్నాను.

ఆంటీ చేతుల సర్జన్, అంకుల్ గుండె డాక్టర్. నా చిన్నప్పుడు వాళ్ళ బ్యాక్‌యార్డ్‌లో తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ రోజున వాలీబాల్ ఆడుతూ పడ్డాను. కుడి చూపుడువేలు మొదట్లో కీలు తప్పింది. మన పాట్‌లక్కుల్లో గరిటెల కంటే డాక్టర్లే ఎక్కువ. "సింపుల్ డిస్‌లొకేషనే, ఒక్క పుల్‌తో సెట్ అయిపోతుంది," అంటూ ముందు అంకుల్ లాగారు. ఆ తర్వాత పిల్లల డాక్టర్, ఆపైన మత్తు డాక్టర్. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన ఆంటీ నా కేకలు విని పరుగెత్తుకొచ్చారు.

నా అరచెయ్యి తిప్పి, వేలి మొదట్లో పడిన చిన్న సొట్ట అందరికీ చూపించారు. "ఈ డింపుల్ ఒక్కరికీ కనపడలేదా? లోపలి పొర ఎముకల మధ్య ఇరుక్కుంది. లాగేకొద్దీ బిగుస్తుంది. ఓపెన్ చేయాల్సిందే." అంకుల్ ఏదో అనబోతే, "మీరు గుండెలు చూసుకోండి," అన్నారు.

హాస్పిటల్‌లో పక్కనుంచి తీయించిన ఎక్స్‌రే కూడా అదే చెప్పింది. ఆ సాయంత్రమే ఆంటీ అరచేతిలో కోసి, ఇరుక్కున్న పొర విడిపించి, కీలు కూర్చోబెట్టారు.

"మళ్ళీ వీణ వాయించగలనా ఆంటీ?" అని అడిగాను. "వాయిస్తావు. పిడికిలి మాత్రం పూర్తిగా మూసుకోదు. ఎందుకో మీ అంకుల్‌ని అడుగు," అన్నారు.

కట్టు విప్పాక ప్రతి ఆదివారం నా వేలు వంచేవారు. ప్రాణం పోయేది. "ఏడవడం నీ పని, వంచడం నా పని," అనేవారు. ఈ రోజు నేను వీణ మీటుతున్నానంటే ఆ నిర్దయ వల్లే. ఆవిడకి రుణపడి ఉన్నాను.

కానీ ఆ తర్వాత ఏ పార్టీలోనైనా నన్ను పిలిచి, "ఏదీ, ఒకసారి పిడికిలి బిగించు," అనేవారు. చూపుడువేలు సగంలో ఆగిపోయేది. "మా ఆయన చేసిన సర్జరీ," అనేవారు. అందరూ నవ్వేవారు. అంకుల్ మంచినీళ్ళ వంకతో లోపలికి వెళ్ళిపోయేవారు. ఆ క్షణాల్లో ఆవిడంటే నాకు అసహ్యం వేసేది.

నిన్న ఫ్యూనరల్ హోమ్‌లో అంకుల్ బియ్యం పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. ఆంటీ నోట్లో ఆఖరి బియ్యం వేయడానికి గుప్పెడు తీసుకుని వంగాను. ఈసారి పిడికిలి బిగించమని ఎవరూ అనలేదు. గింజలు చూపుడువేలి సందులోంచి జారి ఆయన బూట్ల మీద పడ్డాయి.

అంకుల్ వాటినే చూస్తూ పళ్ళెం నా చేతికిచ్చారు. "మంచినీళ్ళు తాగొస్తానమ్మా," అన్నారు.