వెయ్యి నూళ్ళు, ఇరవై ఒక్క మెట్లు

నా చిన్నప్పుడు నేను కొలవడం నేర్చుకున్న రోజు 1994 మే 9, సోమవారం. పని మొదలైనది ఉదయం పదిన్నరకు. అప్పుడు నాకు పదేళ్ళు. మా తాతయ్య గుడియాత్తంలో మేస్త్రీ. తెలుగు, అరవం రెండూ ధారాళంగా మాట్లాడేవాడు కానీ ఏదీ చదవలేడు. టేపు మీది అంకెలు మాత్రం ఆయనకు బాగా తెలుసు.

పక్కింటి అక్క రోజూ బస్సులో వేలూరుకు వెళ్ళి ఇంజనీరింగ్ చదువుతుండేది. పసితనంలో పోలియో వచ్చినందువల్ల ఆమె ఎడమకాలికి ఇనుప పట్టీలు ఉండేవి. వాళ్ళ ఇంట్లో కింద అన్నీ మగ్గాలే. ఆ చప్పుడులో చదువు సాగదని వాళ్ళ నాన్న మేడమీద ఆమెకొక గది కట్టించాడు. మెట్లు కట్టడం మాత్రం మిగిలింది; ఆ పని తాతయ్యకు అప్పగించాడు. వాళ్ళ పెద్దమ్మ అందరి ముందే అనేసింది: "ఆ కాలికి మేడ గది యేల? దినామూ మోసుకుపొయ్యే మనిషి యాడుండాడు?"

ఒకరి చేయి పట్టకుండా అక్క పైకి వెళ్ళాలంటే ప్రతి మెట్టూ ఆరంగుళాల లోపు, ఒకే ఎత్తులో ఉండాలి. ఒక్క మెట్టు తేడాగా ఉన్నా పట్టీల కాలు తగులుకుని పడిపోతుంది. అందుకే లెక్క తానే వేస్తానంది.

నేల నుంచి మేడ దాకా పదడుగుల అయిదంగుళాలు. అంగుళానికి ఎనిమిది నూళ్ళు గనుక, మేస్త్రీల కొలతలో అది సరిగ్గా వెయ్యి నూళ్ళు. మెట్లు బేసిగా ఉండాలన్నది తాతయ్య పట్టు. ఇరవై ఒకటిగా నిశ్చయించారు. అక్క కాలేజీ కంప్యూటర్‌లో, శాస్త్ర గణనలకు వాడే ఫోర్ట్రాన్ భాషలో ప్రోగ్రాం రాసి, అంచున చిల్లులున్న పొడవాటి కాగితం తెచ్చింది. నేను పైకి చదువుతుంటే తాతయ్య గోడ మీద సుద్దతో ఒకదానిపై ఒకటిగా గీతలు పెట్టాడు. ఒక్కో మెట్టూ నలభై ఏడు నూళ్ళు. ఇరవై ఒకటో గీత మేడకు పదమూడు నూళ్ళు కిందనే ఆగిపోయింది.

"మొదుట్లోనే తెలుసునమ్మా," అన్నాడు తాతయ్య. "చెప్తే నమ్ముతావా? నీ కంటితో చూడల్లని కడదాకా గీసినా."

అక్క కాగితం అంతా వెతికి తప్పు పట్టుకుంది. వెయ్యిని ఇరవై ఒకటితో భాగిస్తే నలభై ఏడు, చుక్క తర్వాత ఆరు వందల పంతొమ్మిది వస్తుంది. ప్రోగ్రాంలో పూర్ణాంకానికని పెట్టిన పేరు కింద ఆ సంఖ్యను దాచితే, ఆ భాష చుక్క తర్వాతి భాగాన్ని చెప్పకుండానే కొట్టివేస్తుంది. దగ్గరి పూర్ణాంకం నలభై ఎనిమిది గదా, అది పెట్టమంది. తాతయ్య మళ్ళీ గీశాడు. ఈసారి చివరి గీత మేడను దాటి అంగుళం పైకి పోయింది.

"ఇదేంది నాయనా, ఆకాశానికి పోతా ఉండాదే!" అని తాతయ్య నవ్వాడు. వాకిట్లోంచి పెద్దమ్మ కూడా నవ్వింది. అక్క కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను, తాతయ్యా చూశాడు.

ఆయన గోడ తుడిచి నా చేతికి టేపు మొన ఇచ్చి, నేల గీత మీద అదిమి పట్టుకోమన్నాడు. రెండో కొసను నిటారుగా కాక ఏటవాలుగా లాగి, పదడుగుల ఆరంగుళాల గుర్తు మేడ గీతను తాకేదాకా పక్కకు జరిపాడు. "ఇరవై ఒక్క ఆర్లు నూట ఇరవై ఆరు. గోడ మన మాట వినదమ్మా, టేపునే వాల్చల్ల." అలా వాలిన టేపు వెంట ఆరేసి అంగుళాలకు చుక్క పెట్టి, ప్రతి చుక్క నుంచీ రసమట్టం పెట్టి, వాలు లేకుండా అడ్డగీత గీశాడు. చివరి గీత మేడ దగ్గర కచ్చితంగా నిలిచింది.

అక్క ఒక్కో గీతనూ నేల నుంచి కొలిచింది: నలభై ఎనిమిది, తొంభై అయిదు, నూట నలభై మూడు. మెట్టుకూ మెట్టుకూ తేడా ఒక్క నూలుకు మించలేదు. ఆ తేడా ఏ కాలికీ తెలియదు. మెట్టును కాదు, నేల నుంచి ఉన్న మొత్తం ఎత్తును దగ్గరి పూర్ణాంకానికి తేవాలని ఆమెకు అప్పుడు తోచింది. వేలూరు వెళ్ళి ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చింది. మే 11, బుధవారం సాయంత్రం ఆమె తెచ్చిన కొత్త కాగితంలోని ఇరవై ఒక్క అంకెలూ తాతయ్య గీతలతో కలిశాయి. ఆయన ఆ కాగితంలో ఇంగ్లీషు వరుసలున్న భాగాన్ని తలకిందులుగా పట్టుకుని, చదివినవాడిలాగా చాలాసేపు చూశాడు.

జూన్ 19, ఆదివారం ఉదయం అక్క ఎవరి చేయీ పట్టకుండా మెట్లెక్కింది. నేను కింద నిలబడి లెక్కపెట్టాను. ఎక్కడా ఆగలేదు. పై నుంచి వంగి చూసి, "పెద్దమ్మా, నీకు మోకాళ్ళ నొప్పి గదా, మోసుకురావల్నా?" అంది. పెద్దమ్మ కొంగుతో మూతి మూసుకుని నవ్వింది. ఆ రోజే ఆ మెట్లు తానూ ఎక్కింది.

ఇప్పుడు నా డైరీలో ఏ మొత్తం వేసినా, నిన్న దగ్గరి పూర్ణాంకానికి సరిచేసి రాసిన అంకె మీద ఇవాళ్టిది కలపను. మొదటి పుట నుంచి మళ్ళీ లెక్కిస్తాను. ఆలస్యమవుతుంది, కానివ్వండి.

పోయినవి: మొదటిసారి తక్కువైన పదమూడు నూళ్ళు, రెండోసారి ఎక్కువైన ఎనిమిది, ఆ తర్వాతి ఏళ్ళలో తాతయ్య. ఉన్నవి: నలభై ఎనిమిది నూళ్ళ మెట్లు పదమూడు, నలభై ఏడు నూళ్ళవి ఎనిమిది. మొత్తం వెయ్యి.