గోలీలు, తలనొప్పి, డాక్టరమ్మకు ఒక ఫోను

అయినా, నా తల నొస్తే నా గోలీలు తీసి బియ్యం డబ్బాలో దాచడమేమిటి? అత్తమ్మను అప్పుడే అడిగాను. ఇప్పుడూ అడుగుతాను.

పాప ఇంకా నడక నేర్వలేదు. వెంటనే ఇంకో కాన్పు వద్దనుకున్నాం మా ఆయనా, నేనూ. పుట్టి పెరిగిన హైదరాబాదులో డాక్టరుకు చూపించుకుని, పిల్లలు కాకుండా మింగే గోలీలు తెచ్చుకున్నాను. గోదావరి పక్కనున్న మా బొగ్గుగనుల కాలనీలో వాటిని అప్పటికి ఎవరూ చూడలేదు. ఆ నెలలోనే గని ఆఫీసులో టెలిఫోన్ బోర్డు మీద ఉద్యోగంలో చేరాను. పొద్దంతా ఒకరి ఫోను ఇంకొకరికి కలపడమే. ఆ నెలలోనే తలనొప్పి కూడా మొదలైంది.

నిర్మల్ దిక్కు ఎవరికో ఈ గోలీలతో తలలో గడ్డ లేచిందని పక్క క్వార్టరామె చెప్పిపోయింది. ఎవరికని అడిగితే తెలియదంది. గోలీలు మాయం!

మర్నాడు అన్నం గిన్నెతో అత్తమ్మ ఆఫీసుకే వచ్చింది.

"పిల్లా, జర డాక్టరమ్మకు కలుపు. నువ్వు ఇనకు."

"కలిపేదే నేను. ఇనకుంట ఎట్లుంట అత్తమ్మా?"

గని దవాఖానకు కలిపాను. ఆమె అరిచిన అరుపుకు అసలు ఫోనే అక్కర్లేదు.

"డాక్టరమ్మా! మా కోడలికి గోలీలు మింగి తలల గడ్డ లేస్తున్నదట. గిది ముందే కోపం మనిషి. గడ్డ గూడ లేస్తె నేనెట్ల బతుకుత?"

గుమాస్తాలంతా పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"గడ్డ ఫోన్ల కనవడదమ్మా, తోల్కరా," అంది డాక్టరమ్మ.

దవాఖానలో రక్తపోటు చూసింది. కళ్ళలోకి లైటు వేసి చూసింది. ఎక్కడ నొస్తున్నదంటే, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నడినెత్తి మీదుగా వేలుతో గీత గీశాను.

"పొద్దంత నెత్తికి ఏం పెట్టుకుంటవ్?"

హెడ్‌ఫోన్! నాకు ముందు బోర్డు చూసినాయన తల చిన్నది. ఆయన బిగించిన ఇనుప పట్టీనే నేనూ తగిలించుకుంటున్నాను! అత్తమ్మ నవ్వీ నవ్వీ బల్ల మీద కూలబడింది.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "గోలీలతోని గడ్డ లేస్తదా అంటె నాకు తెల్వది. కొత్త మందులివి. పట్టీ వదులు చేసినంక గూడ నొస్తె, చూపు మసకైతె, దాచకుంట రా."

పట్టీ వదులు చేశాను, నొప్పి పోయింది. గోలీలు తిరిగి నా చేతికొచ్చాయి. ఇప్పుడు వాటిని గుర్తు చేసేది అత్తమ్మే. "మింగినవా? లేకుంటె రెండో ఊయల గూడ నేనే ఊపాలె!"

ఊపేది ఆమే, ఒప్పుకుంటాను. కానీ మోసేది నేను. ఎప్పుడు మోయాలో నేను చెప్పకూడదంటారా?