చేట లేని చెరుగుడు

అప్పట్లో కొత్తవలసలో మా వెనక గదిలో ఒక అమ్మాయి అద్దెకుండేది. రోజూ రైలెక్కి యూనివర్సిటీకి వెళ్లి నాట్యం, నాటకం చదివేది. చదువు కాగానే మద్రాసు వెళ్లి సినిమాల్లో డాన్సు చేస్తూ బతకాలని ఆమె కోరిక. ఇంట్లో ఎవరు ఏ పని చేస్తున్నా కన్నార్పకుండా చూసేది. నేను చోళ్లు, అదే రాగులు, చేటలో చెరుగుతుంటే వచ్చి ఎదురుగా కూర్చునేది.

ఒకనాడు ఆమెను చదువు మాన్పించి తీసుకుపోవడానికి గజపతినగరం నుంచి మేనమామ వచ్చాడు.

"గెంతడానికి కూడా సదువేటే? సినిమాల్లో గెంతితే నిన్నెవుడు సేసుకుంటాడు? పెట్టె సర్దు," అన్నాడు.

"ఒక్కపాలి సూడు మావా. అప్పుడు కూడా రమ్మంటే వచ్చేస్తాను," అంది.

చెంగు దోపుకుని ఉత్త చేతులతో చెరగడం మొదలుపెట్టింది. చేట లేదు, చోళ్లు లేవు. అయినా ఆ బరువుకు ఆమె మణికట్లు వంగాయి. నా నడుమే, నా మెడే అక్కడ కదులుతున్నాయి. నా పనిలో అంత అందం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. పొట్టు ఎగరడానికి ఆమె గట్టిగా ఊదింది. ఎదురుగా కూర్చున్న మేనమామ చటుక్కున కళ్లకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నేనూ కళ్లు మూసుకున్నాను.

కాసేపటికి ఆయన తువ్వాలు దించి ఆమె చేతులకేసి చూశాడు.

"మీయమ్మకి నాను సెప్తాన్లే. నువ్వు సదువుకోయే," అని ఒక్కడే స్టేషనుకు బయలుదేరాడు. గుమ్మం దిగుతూ పంచె దులుపుకున్నాడు.