దుప్పిని పిలిచిన కొమ్ములు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా క్యాంపులో అందరికీ తెలుసు. దుప్పి కంచె దాటిపోయిన రోజు మాత్రం ఆ కోపం ఎవరి మీద చూపించాలో నాకే తెలియలేదు. గాలి మీద చూపించాలా? మూడు రోజులు ఒకటే దుమ్ముగాలి. ఇసుక వచ్చి కంచెకు ఆనుకుని గుట్టగా పేరుకుంది. ఆ ఇసుకను పారతో తీసేయడం కాకా డ్యూటీ. కాకాకు జ్వరం. దుప్పి ఆ గుట్ట ఎక్కి, మెట్టు దిగినంత సులువుగా అవతలికి దిగిపోయింది.

మా కఫీల్‌కు ఖతార్‌లో అల్ ఖోర్ దాటాక ఒక ఫార్మ్ ఉంది; మా వీసాలు, జీతాలు అన్నీ ఆ యజమాని చేతిలోనే. నేను అక్కడ డ్రైవర్ని. కాకా జగిత్యాల దిక్కు మనిషి, దుప్పుల కాపరి. అందరం కాకా అనే పిలుస్తాం. ఆ మగదుప్పి పుట్టగానే తల్లి చచ్చిపోతే, తన గదిలోనే పెట్టుకుని సీసాతో పాలు పట్టి పెంచాడు. పసిపిల్లలతో ఆడినట్టు నుదురుకు నుదురు ఆనించి "ఢీ ఢీ" అని ఆడేవాడు. అదీ చిట్టి తలతో ఆయన్ని నెట్టేది. మేం చుట్టూ చేరి నవ్వేవాళ్లం. ఇప్పుడు దానికి మూర పైన కొమ్ములున్నాయి.

కఫీల్ చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. పోయినేడు ఒక పొట్టేలు పనివాడి పక్కటెముకలు విరగ్గొడితే, "మనిషి కంటే పశువు ఎక్కువా?" అని ఆ సాయంత్రమే దాన్ని కోయించాడు. ఇప్పుడు కూడా ఆయన బాధ అదే. చలికాలం, చుట్టూ ఎడారిలో సెలవులకు వచ్చిన కుటుంబాల గుడారాలు, పిల్లలు. "శుక్రవారం లోపల దాన్ని లోపలికి తెండి. లేకపోతే నేనే కాల్చేస్తాను" అన్నాడు. కాకా వైపు వేలు చూపించి, "ఇంకో తప్పు చేస్తే సఫర్" అన్నాడు. సఫర్ అంటే ఇంటికి పంపించేయడమని ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. కాకా కూతురి నర్సింగ్ చదువు ఇంకా రెండేళ్లుంది.

కఫీల్ తమ్ముడు పై దేశాలకు వెళ్లి జింకల్ని వేటాడతాడు. ఆయన పెట్టె ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. రెండు మగజింకలు కొట్లాడుకుంటున్నట్టు చప్పుడు చేస్తే మూడోది ఎవర్రా అది అని వస్తుందట. అందులో ఒక గుడ్డసంచి, దాని నిండా కర్రపుల్లలు. అరచేతుల మధ్య నలిపితే టకటకమంటుంది. ఇంకోటి ప్లాస్టిక్ కొమ్ముల జత. కాకా సంచిని చెవి దగ్గర నలిపి మూతి తిప్పాడు.

"ఇదేంది కొడుకా, పచ్చీసు గవ్వల సప్పుడు! దుప్పి వస్తదా, ఆట ఆడనీకి మనుషులొస్తరా?"

ప్లాస్టిక్‌వీ పక్కన పెట్టేశాడు. తన గదిలో తువ్వాలు ఆరేసుకునే కొమ్ములు తెచ్చాడు. ఏటేటా రాలినవి ఏరి దాచుకున్నవే. వాటిలో మరీ పెద్దవి వద్దన్నాడు, ఆ చప్పుడు వింటే భయపడి రాదట. నడిమి రకం జత తీసుకుని, ఎండకు బోలుగా మోగుతున్నాయని తలకు రాసుకునే కొబ్బరినూనె పట్టించాడు. చిన్నప్పుడు అడవి పక్కన పశువులు కాసినవాడు, ఆ చప్పుడు ఎలా ఉండాలో ఆయన చెవికి తెలుసు.

నేనొకసారి కొట్టి చూశాను.

"కోలాటం ఆడుతున్నవారా?" అని లాక్కున్నాడు. "ముందుగాల మెల్లగ రుద్దాలె. ఎంబడే ఆపాలె. ఇనాలె. దానికి గూడ ఆలోచన చేసుకునే టైమియ్యాలె. అటెనుక ఒక్కపారి గట్టిగ."

మర్నాడు తెల్లవారాక కాకా దొడ్డిలోపల నీళ్ల తొట్టి వెనక కూర్చున్నాడు. మిగతా దుప్పుల్ని పక్క దొడ్డిలోకి తోలి, గేటు బార్లా తెరిచి, దాని తాడు పట్టుకుని నేను బయట కారు చాటున నిలబడ్డాను. కాకా కొమ్ములు రుద్దాడు. ఆపాడు. కాలితో నేల గీరాడు. ఎంతసేపటికీ ఏమీ లేదు. నాకు విసుగొచ్చి, ఇక పోదాం అనబోతుండగా ఆయన రెండు కొమ్ములూ పెనవేసి ఫట్టుమని కొట్టాడు.

అవతలి రేగుచెట్ల గుంపులోంచి వచ్చింది. మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, తల కిందికి వంచింది, కాళ్లు బిగదీసి నడుస్తోంది. నా పక్కనుంచే లోపలికి పోయింది. కాకా ఆగలేకపోయాడు, ముసలి గుండె కదా. కొమ్ములు చేతిలో పట్టుకునే లేచి నిలబడి, "అచ్చినవా బిడ్డా" అన్నాడు.

దానికేం తెలుసు? అడవిలో పెరిగినదైతే మనిషిని చూసి పారిపోయేది. దీనికి మనిషంటే భయం లేదు. చేతిలో కొమ్ములున్న కాకాను తనతో ఢీ కొట్టే తోటిదుప్పి అనుకుంది. చిన్నప్పుడు నేర్పిన ఆటే ఆడింది. ఒక కొమ్ము ఆయన తొడలో దిగింది.

"గేటెయ్!" అని అరిచాడు కాకా.

"నువ్వు లోపలున్నవ్ కాకా!"

"ఎయ్యరా! మల్ల పోతది!"

వేశాను. తాడు లాగి గేటు మూసి, గడ్డి వేసే చిన్న తలుపు నుంచి పార పట్టుకుని దూరాను. రేకు డబ్బా మీద దబదబ బాదితే అది వెనక్కి తగ్గింది. కాకాను ఈడ్చుకొచ్చాను. సీటంతా నెత్తురు. ఆసుపత్రికి పోతున్నంతసేపూ నేను తిడుతూనే ఉన్నాను. దాన్ని తిట్టాను, ఆయన్ని తిట్టాను, గుడ్లలో నీళ్లు తిరిగి రోడ్డు కనిపించకపోతే రోడ్డునీ తిట్టాను.

కాకా తొడకు తువ్వాలు అదిమిపట్టుకుని, "కంచె ఎక్కబోయి పడ్డ, చువ్వ గుచ్చుకుందని చెప్పు" అన్నాడు.

"మతి ఉందా? రెండో తప్పైతది. నిన్ను పంపిస్తడు!"

"దుప్పి పొడిచిందంటే దాన్ని కోస్తడు. పొట్టేలును కోయలె? నేను పిలిస్తెనే గదరా అది అచ్చింది."

కఫీల్ సాయంత్రం వచ్చాడు. పళ్లబుట్ట తెచ్చాడు. మంచం పక్కన నిలబడి ఏం జరిగిందని నన్ను అడిగాడు. కాకాకు అరబ్బీ రెండు ముక్కలే వచ్చు, ఆయన నోరు నేనే. కాకా నా ముఖంలోకే చూస్తున్నాడు. నిజం చెప్తే దుప్పి పోతుంది, కాకా ఉంటాడు. నా నాలుక చివరిదాకా వచ్చింది. ఒట్టేసి చెప్తున్నా, వచ్చింది.

కంచె చువ్వ అన్నాను.

కఫీల్ పళ్లబుట్టను మంచం పక్కన పెట్టాడు. తర్వాత కోపంగా కాదు, అలసిపోయినట్టు చెప్పాడు. ఇసుక తీయలేనివాడు, కంచె ఎక్కితే పడేవాడు, ఇతనికి వయసైపోయింది, ఇక్కడే ఏదైనా అయితే ఆ పాపం నాకొద్దు. కాలు నయమయ్యాక సఫర్. ఖలాస్.

"ఏమన్నడు?" అన్నాడు కాకా.

"ఇంటికి పంపిస్తడట."

ఆయన కళ్లు మూసుకున్నాడు. కూతురి చదువు గుర్తొచ్చిందేమో, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. కాసేపటికి, "దుప్పో?" అన్నాడు.

"ఉంటది."

"అట్లయితే షుక్రన్ చెప్పు." ఆయనకొచ్చిన రెండు అరబ్బీ ముక్కల్లో అదొకటి, థాంక్స్ అని.

"నేను చెప్ప."

"చెప్పు కొడుకా. మనిషి పండ్లు తెచ్చిండు."

నేను కఫీల్ వైపు తిరిగి, షుక్రన్ అంటున్నాడు అని చెప్పాను.