ఎర్ర రంగుకు మైలుతుత్తం రీడింగులు

ఈ రోజు ధర్మవరంలో ఒక డిగ్రీ కాలేజీకి కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ఎగ్జామినర్‌గా వెళ్లాను. ల్యాబ్‌లో నీలం మైలుతుత్తం అయిపోయిందట. బదులుగా పట్టుకు వేసే ఎర్ర రంగును నీళ్లలో కలిపి, ఏ గాఢత దగ్గర ఎంత వెలుతురు పీల్చుకుంటుందో పిల్లలు కొలవాలి. తెలివైన పనే అనుకున్నాను. తీరా చూస్తే అందరివీ ఒకే అంకెలు.

"ఈ రీడింగులు యాడివమ్మా?" అని ఒక అమ్మాయిని అడిగాను.

"పోయినేడు మైలుతుత్తానివి సార్. మా సారే రాసుకోమన్నాడు."

పక్కనే ఉన్న లెక్చరర్ ఏమాత్రం తడబడలేదు. "గ్రాఫు నేరుగా వచ్చిండాది కదా సార్, ఇంగేం కావల్ల?"

కొలిచే మిషను వైపు చూశాను. దాని ప్లాస్టిక్ కవరుకు వేసిన టేపు కూడా ఊడలేదు.

ఫుల్ మార్కులు ఎవరికి వేయాలంటారు? నేనైతే ఆ మిషనుకే వేస్తాను. ఆ గదిలో దొంగ రీడింగు ఇవ్వనిది అదొక్కటే.