నాలుగో గ్లాసు

మొన్న పొద్దున కుక్కర్ మూత రబ్బరు పొయ్యి అంచుకు తగిలి కాలింది. ఆ వాసన తగలగానే నేను పొయ్యి కట్టెయ్యలేదు. ముందు హాల్లోకి వెళ్ళి మనవరాలిని అడిగాను, "నీకు రబ్బరు కాలిన వాసన వస్తోందా?" అని. అది ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "వస్తోంది లా అమ్మమ్మా, ఇల్లంతా స్మెల్," అంది ఇక్కడి పిల్లల యాసలో. గుండె కుదుటపడ్డాక వెళ్ళి పొయ్యి కట్టేశాను. మా ఇంట్లో దీన్ని నా చాదస్తం అంటారు. అననీ. వాళ్ళకు చలపతిగారి సంగతి సగమే తెలుసు.

ఈ పరాయి దేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో మా ఎదురు ఫ్లాటు ఆయనది. నెల్లూరు మనిషి. జురాంగ్ ఈస్ట్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పంపులు, వాల్వులు చూసే ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. ఆయనా, భార్య వసుంధరా. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, ఇంట్లో బీరు కాయడం. సొంతానికి కాచుకోవచ్చు ఇక్కడ, అమ్మకూడదంతే. ఆదివారం వచ్చిందంటే బార్లీ మాల్టు కషాయం పెద్ద గిన్నెలో మరుగుతూ ఉండేది. నేను కూతురింటికి వచ్చిన కొత్తలో ఒకనాడు ఆ వాసన భరించలేక తలుపు కొట్టాను.

"ఏమండీ, ఏం వండుతున్నారో గానీ అడుగంటింది. మీ ఇంట్లో ఎవరికీ ముక్కుల్లేవా?"

ఆయన లోపలికి వెళ్ళి గరిటెతో గిన్నె అడుగు గీకి చూసి, నవ్వుకుంటూ తిరిగొచ్చారు. "నిజమే అక్కయ్యగారూ, మాడింది. నా బీరు తాగినవాళ్ళంతా బ్రహ్మాండం అంటారు. ఒక్కరూ నిజం చెప్పి చావరు. రండి లోపలికి."

"నేను తాగను."

"తాగొద్దు. వాసన చూసి చెప్పండి చాలు."

నా నోటి దురుసుకు పుట్టింట్లో దెబ్బలు తిన్నాను, అత్తింట్లో తిట్లు తిన్నాను. ఇక్కడ మా అల్లుడు మొహం ముడుచుకుంటాడు. ఆ నోటితో ఒక పని ఉందని చెప్పిన మనిషి ఆయనొక్కరే.

పులిసిన బీరును ఆయన కెగ్గుల్లో పోసేవారు. కెగ్గంటే మోకాలు దాటేంత ఉక్కు పీపా. దానికి గ్యాసు పట్టించి కుళాయి తగిలిస్తారు. ప్రతి పీపాకూ కాగితం టేపు అంటించి, నాకు తగిలిన వాసన దానిమీద రాయమన్నారు. రాయడం రాదన్నాను. అప్పటికి అరవై దాటినదాన్ని, వేలిముద్ర వేసి విమానం ఎక్కినదాన్ని. ఆయన జాలిపడలేదు. "అయితే ఈ వారం 'మాడు' నేర్చుకోండి. వచ్చే వారం ఏ తప్పు వస్తే ఆ మాట," అన్నారు. మాడు, పులుపు, వెన్న, తడి అట్ట, ఉడికిన మొక్కజొన్న. బీరు చెడిపోయే దారులన్నీ పట్టుకుని నడిచి నేను అక్షరాలు నేర్చుకున్నాను. బీరు బాగా కుదిరిన వారం నాకు కొత్త మాట వచ్చేది కాదు.

ఒకసారి కెగ్గులో గ్యాసు నిలవడం మానేసింది. బీరు చప్పబడిపోతోంది. ఆయన సబ్బునీళ్ళు స్పాంజితో మూత చుట్టూ రాస్తే బుడగలు పొంగాయి గానీ, అవి రబ్బరు రింగు దగ్గరివో, పక్కనున్న గొట్టం బిగింపు దగ్గరివో తేలలేదు. ఆయన ఫోన్ మాట్లాడి వచ్చేలోగా నేను కొత్త రింగు వేసి, బిగింపును రెంచితో తిప్పేశాను. బుడగలు ఆగిపోయాయి. మెచ్చుకుంటారనుకున్నాను.

"దేనివల్ల ఆగింది?" అన్నారు.

"ఆగింది కదా, దేనివల్లయితేనేం?"

ఆయన కొత్త రింగు తీసి పాతదే మళ్ళీ పెట్టారు. బుడగలు పొంగాయి. "ఇదే దొంగ. రెండూ ఒకేసారి మారిస్తే తప్పు దాక్కుంటుంది అక్కయ్యగారూ. ఒక్కొక్కటే మార్చాలి. తప్పు లేనిదాన్ని పక్కన పెట్టేయాలి. చివరికి ఏది మిగిలితే దాంట్లోనే ఉంటుంది."

ఆ మాట ఆయన మీదికే వస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు?

తరువాతి ఏడు ఆయనకు బీరులో రబ్బరు కాలిన వాసన రావడం మొదలైంది. నాకు రాలేదు. రాలేదనే చెప్పాను. ఆయన గొట్టాలు మార్చారు. మళ్ళీ కాచారు. వాసన పోలేదు. రింగులు మార్చారు. కుళాయి విప్పి, వేడినీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో తోమారు. మాల్టు కొట్టు మార్చారు, పులియబెట్టే ఈస్టు మార్చారు. ఒక్కోసారి ఒక్కటే. ప్రతిసారీ పులిసేదాకా ఆగడం, వాసన చూడడం, సింకులో పారబోయడం. నెలలు గడిచిపోయాయి. ఆయన చిక్కిపోయారు. తలనొప్పి అనేవారు.

"ఆ వాసన మీ ముక్కులో ఉందండీ, పీపాలో కాదు," అని వసుంధర దెప్పేది. "మా వంటింట్లో మీ పీపాలకున్న చోటు నాకు లేదు."

ఒకనాడు ఆయన నా మీదే విసుక్కున్నారు. "మీరూ మర్యాద నేర్చినట్టున్నారు. ఏం తగలడం లేదని ఊరికే అంటున్నారు."

నన్ను ఎవరూ అనని మాట అది. "నేను మీకు అబద్ధం చెప్పే మొహమేనా? కావాలంటే పరీక్ష పెట్టుకోండి," అన్నాను.

పెట్టుకున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల దగ్గర కూర్చుని కళ్ళు మూసుకున్నారు. రెండు గ్లాసుల్లో కొట్టు బీరు, ఒక గ్లాసులో ఆయన బీరు పోసి, కలగాపులగం చేసి ఒక్కొక్కటే నన్ను అందించమన్నారు. "నాది ఒక్కటే కంపు కొడితే గిన్నె కూడా మారుస్తాను," అన్నారు.

మొదటిది వాసన చూసి, "ఇదే నాది," అన్నారు. రెండోది చూసి ఆగారు. "ఇదీ." మూడోది ముక్కు దగ్గర చాలాసేపు పెట్టుకుని, మళ్ళీ మొదటి గ్లాసు కోసం చెయ్యి చాచారు. నేను లేచి నాలుగో గ్లాసు కడిగి, కుళాయి నీళ్ళు పట్టి చేతికిచ్చాను.

"ఇందులో మరీ ఎక్కువగా ఉంది," అన్నారు.

"అవి నీళ్ళు చలపతిగారూ."

ఆయన కళ్ళు తెరిచి గ్లాసులోకి చూశారు. వసుంధర పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. ఆయన మెల్లగా, "అయితే కెగ్గుది తప్పు లేదన్నమాట," అన్నారు. ఆ గొంతులో ఊరట వినబడింది నాకు.

ఆసుపత్రిలో తల ఫోటో తీసి, మెదడులో గడ్డ అన్నారు. వాసన తెలిసే చోటికి ఆనుకుని ఉందట. కోశారు, కరెంటు పెట్టారు, మందులు మార్చారు. నేను చూడ్డానికి వెళితే ఆయన నా చెయ్యి పట్టుకుని చిన్నగా అన్నారు. "అన్నీ ఒకేసారి మారుస్తున్నారు అక్కయ్యగారూ. తగ్గితే దేనివల్ల తగ్గిందో వీళ్ళకెలా తెలుస్తుంది?"

తగ్గలేదు.

ఆయన పోయాక వసుంధర సామానంతా ఎవరికో ఇచ్చేసింది. చివరిగా కాచిన బీరున్న కెగ్గు ఒక్కటి నేను అడిగి తెచ్చుకున్నాను. కుళాయి తిప్పి వాసన చూశాను. మాడు లేదు, పులుపు లేదు, వెన్న లేదు, అట్ట లేదు. ఆ నెలలన్నీ ఆయన సింకులో పారబోసినవి కూడా ఇలాంటివే. అన్నీ మంచివే. ఒక్క చుక్కయినా ఆయన గొంతు దిగలేదు. టేపు మీద ఏం రాయాలో తోచలేదు. మంచి బీరుకు ఆయన నాకు మాట నేర్పలేదు. "తప్పు లేదు" అని రాశాను. ఆ టేపు అంచులు లేచిపోతుంటే ఇప్పటికీ అదుముతూ ఉంటాను.

రబ్బరు వాసన వస్తే పక్కవాళ్ళను అడగడం అప్పటినుంచీ అలవాటైంది. ఇంతవరకు అందరూ వస్తోందనే అన్నారు. మనవరాలు మొన్న తల కూడా ఎత్తలేదు. దానికి నిజంగానే వచ్చిందో, ముసలిదాన్ని వదిలించుకోవడానికి అందో. ఆయనకు నాలుగో గ్లాసు ఇవ్వడానికి నేనున్నాను. నాకూ ఆ రోజు వస్తే, అవి నీళ్ళని మొహం మీద చెప్పే మనిషి కావాలి. మా ఇంట్లో అందరూ మర్యాదస్తులే.