పలకరాయి మీద ఇరుకు గీతలు

పన్నెండేళ్లుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. ఉన్నది బీరువాలో, పెళ్లిచీర మడతలో. బరువు మాత్రం నా మీదే. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మాది మార్కాపురం. మా ఆయనది పలకల వ్యాపారం. ఆయన నాకు సొంత మేనమామ. దగ్గర సంబంధం వద్దని నాయన ఎంత చెప్పినా వినకుండా, మొండికేసి మామనే చేసుకున్నాను. నా పంతం నెగ్గిందని భలే గర్వం నాకు. మిగతాదంతా దాంట్లోంచే వచ్చింది.

ఏడేళ్లు వచ్చినా మా పాప తన ఈడు పిల్లల భుజాల దాకా కూడా రాలేదు. ఒంగోలు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాను. రిపోర్టు కోసం ఒక్కదాన్నే వెళ్లాను. టర్నర్ సిండ్రోమ్ అన్నాడు డాక్టరు. జన్యువుల్లో తేడా అన్నాడు. ఎదగడానికి హార్మోన్ ఇంజెక్షన్లు ఉన్నాయి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, ఈసారి మీ ఆయన్ను కూడా తీసుకురండి, వివరంగా చెబుతానన్నాడు.

మేనరికం వల్లే, ఇంకేముంది, అనుకున్నాను. నాయన మాటే నిజమైంది. డాక్టరును అడిగితే తేలిపోయేది కదా? ఎందుకు అడగలేదు? అవునంటాడేమోనని. ఇంటికొచ్చి, బలానికి టానిక్ రాశాడని చెప్పాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. మూడేళ్లు. తెలియక చేశానని సర్దిచెప్పుకోవాలని ఎన్నిసార్లు చూశానో, కానీ మందు ఉందని తెలిసే చేశాను, బిడ్డ కన్నా నా పంతమే ముఖ్యమైంది నాకు.

పాపకు పదేళ్లు వచ్చాక టీచరమ్మ గట్టిగా చెప్పడంతో మా ఆయనే మమ్మల్ని ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. మళ్లీ పరీక్షలు. మళ్లీ అదే పేరు.

"ఇంతకు ముందు ఎక్కడన్నా చూపించినారామ్మా?"

"ఒంగోల్లో ఒకసారి చూపించినాం సార్. బలానికి టానిక్ రాసినారు, అంతే."

మా ఆయన ముందుకు వంగాడు. "మాది మేనరికం సార్. దానివల్లనే ఇట్ల అయిందా?"

"దానికీ దీనికీ సంబంధం లేదన్నా. ఆడపిల్లకు రెండు ఎక్స్ క్రోమోజోములు ఉండాల. పాపకు ఒకటి లేదు, అంతే. ఎవరింట్లోనైనా అయితది. మీ ఇద్దరి తప్పేం లేదు."

మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేను తల ఎత్తలేకపోయాను.

ఆ నెలలోనే ఇంజెక్షన్లు మొదలయ్యాయి. ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన పెట్టేవాళ్లం. సూది వేయాలంటే భయంతో రెండు మూడుసార్లు చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసేదాన్ని. పన్నెండో ఏట పాపే దాన్ని లాక్కుని, "నీ భయం నాకు అంటియ్యొద్దుమా" అని తనే వేసుకోవడం మొదలుపెట్టింది.

వరండాలో ఆనించిన పలకరాయి మీద ప్రతి పుట్టినరోజుకూ వాళ్ల నాయన మేకుతో గీత గీసేవాడు. ఏడు నుంచి పది దాకా గీతలు ఇరుగ్గా ఉంటాయి. ఆపైన దూరం దూరంగా. అందరూ పైగీతలు చూసి మురిసిపోతారు. నా చూపు కింది గీతల మీదికే పోతుంది. ఆ మూడేళ్లు కూడా మందు పడివుంటే ఇంకెంత? ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు పాప నా చెవి దాకా వచ్చింది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. క్లాసులో అందరికన్నా పొట్టి, నోరు మాత్రం అందరికన్నా పెద్దది. ఆ నోరు చూస్తే నాకు ఎంత సంతోషమో.

టర్నర్ ఉన్నవాళ్లకు ఏటా చేయించాల్సిన గుండె పరీక్షకు రేపు మొదటిసారి తనొక్కతే వెళుతుంది. ఫైలు తీసిపెట్టమంది. చీర మడత విప్పి ఆ పాత రిపోర్టు తీశాను. ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టాను. రిపోర్టులు చదవడమే చదువైన పిల్ల, తేదీ చూడకుండా వదలదు.

ఏమంటుందో తెలియదు. క్షమించమని అడగను. చీర మళ్లీ మడిచి బీరువాలో పెట్టాను. ఇప్పుడు అది ఉత్త చీరే.